వాడి ముక్కలు చదవాల్సింది, వాడి తెగను చదివినా

పోస్ట్ కొంచెం పెద్దది. బస్సులో పోతా చదువుకోండి, తొందరేం లేదు.

పోయిన వారం మన గ్రూప్‌లో ఒక తమ్ముడు ఫోన్‌లో డబ్బులాట ఆడి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నానని రాసినాడు. కింద చాలామంది తిట్టినారు, కొందరు నవ్వినారు. నేను ఏమీ రాయలేకపోయినాను. 2018లో నేను గూడా ఆ పనే చేసినా. ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈ రోజు చెప్తా. డబ్బు ఎట్ల పోయిందో చెప్పాలంటే ఎదుటివాణ్ణి నేను ఎట్ల తప్పుగా అంచనా వేసినానో చెప్పాల. అసలు సిగ్గుపడాల్సింది అక్కడే ఉంది.

మాది ఆళ్ళగడ్డ దగ్గర తండా. అప్పుడు నంద్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం. నూనెపల్లెలో ఐదుగురం కలిసి రూము తీసుకున్నాం. ఇద్దరం సుగాలీలం, ఒకడు ఎరుకల పిల్లోడు, ఇంకో ఇద్దరు ఊళ్ళ నుంచి వచ్చినోళ్ళు. ఎరుకల పిల్లోడిది ఆళ్ళగడ్డ టౌనే. మాకంటే ఒక సంవత్సరం చిన్న. నన్ను "అన్నా" అని పిలిచేవాడు. ఎక్కువ మాట్లాడడు. ఆదివారం అందరం పడుకుంటే వాడు బకెట్ నిండా బట్టలు ఉతుక్కునేవాడు.

మా తండాలో దసరాకు, సంక్రాంతికి మూడు ముక్కలాట మామూలే. చిన్నప్పుడు పెద్దోళ్ళ వెనక కూర్చుని చూసేవాణ్ణి. కాబట్టి పేక ముక్కలు నాకు కొత్త కాదు. రూములో ఒకడు ఫోన్‌లో పోకర్ ఆడేవాడు. వాడే మాకు నేర్పించినాడు. తెలీనోళ్ళ కోసం రెండు మాటల్లో చెప్తా. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు: మొదట మూడు, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి. ప్రతిసారీ పందెం. మొత్తం ఏడింట్లో మంచి ఐదు ముక్కలు ఎవరికుంటే వాళ్ళది డబ్బు. అందరూ పడేస్తే మిగిలినోడు ముక్కలు చూపించకుండానే తీసుకుంటాడు. అందుకే ఇందులో ముక్కల కంటే ఎదుటివాడి దగ్గర ఏముందో ఊహించడమే పెద్ద పని.

ఆ ఊహ నాకు బాగా వచ్చని నమ్మేవాణ్ణి. మూడు ముక్కలాటలో మా చిన్నాయన మొహం చూసి చెప్పేసేవాణ్ణి గదా అని. చిన్నాయన నాకు 15 ఏళ్ళుగా తెలుసు, ఈ పిల్లోడు మూడు నెలలుగా తెలుసు అనే తేడా అప్పుడు తట్టలేదు.

ఇంక ఆ రోజుకు వస్తా. సెప్టెంబర్ నెల, ఆదివారం సాయంత్రం. నా దగ్గర 4,600 రూపాయలు ఉన్నాయి. స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు. పరీక్ష ఫీజుకు, మెస్ బాకీకి అని యాడి ఇచ్చిన డబ్బు అది. ఆ సంవత్సరం మిరపకాయ కోతకు గుంటూరు వైపు పోయి, రెండు నెలలు చేన్ల గట్ల మీద గుడారం వేసుకుని ఉండి, సంపాదించిన దాంట్లో మిగిల్చిన డబ్బు. మిరపకోతకు పోయి వచ్చినోళ్ళ ఇళ్ళు మన గ్రూప్‌లో చాలా ఉన్నాయి. ఆ డబ్బు ఎట్లాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండు గంటలు ఆడినాం. ఒక పంపకంలో నాకు ఆసు, రాజు వచ్చినాయి. పోకర్‌లో ఇది చాలా మంచి చెయ్యి. పందెం పెంచినా. అందరూ పడేసినారు, ఎరుకల తమ్ముడు మాత్రం డబ్బు కలిపినాడు. బల్ల మీద మూడు ముక్కలు తెరిచినారు: ఆసు, తొమ్మిది, నాలుగు. నాకు ఆసుల జత పడింది. గుండె కొట్టుకుంది. పందెం కాసినా, వాడు కలిపినాడు. నాలుగో ముక్క రెండు. మళ్ళీ కాసినా, మళ్ళీ కలిపినాడు. ఐదో ముక్క ఏడు. అప్పటికి నావి 1,300 లోపలికి పోయినాయి. ఇంకో 500 పెట్టినా.

వాడు కాసేపు తలొంచుకుని కూర్చున్నాడు. తర్వాత ముందున్న 1,900 మొత్తం మధ్యలోకి తోసినాడు. నోట్లు పట్టుకున్న చెయ్యి వణుకుతా ఉంది. నేను ఆ వణుకు చూసినా.

నా మనసులో ఏమనుకున్నానో ఉన్నది ఉన్నట్టు రాస్తాండా. "భయపడతాండాడు. బెదిరించాలని చూస్తాండాడు. ఎరుకల పిల్లోడు, పందులు మేపుకునే ఇంటినుంచి వచ్చినాడు, వీనికి పోకర్ ఏం తెలుస్తాది. దొంగాట ఆడతాండాడు."

1,900 పెట్టి చూపించమన్నా. వాడు రెండు నాలుగులు తిప్పినాడు. బల్ల మీద ఇంకో నాలుగు. మూడు నాలుగులు. నా ఆసుల జత ఎందుకూ పనికిరాలేదు. ఆ ఒక్క చేతిలో 3,200 పోయింది. మిగిలిన 1,400 వెనక్కి తెచ్చుకోవాలని ఇంకో గంట కూర్చుని అది గూడా పోగొట్టుకున్నా.

మరుసటి రోజు పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు వాడు మెల్లగా అడిగినాడు: "అన్నా, రెండు గంటల్లో నేను ఒక్కసారి గూడా పందెం పెంచలేదు గదా. మొత్తం తోసినప్పుడు ఎందుకు పిలిచినావు?"

నేను "ఏమో రా, పిచ్చి పట్టింది" అన్నా. అసలు జవాబు నోటికి రాలేదు.

ఆ తర్వాత చాలా రోజులు ఈ చెయ్యి గురించి లెక్క వేసినా. ఇప్పుడు ఆ లెక్క మీకు చెప్తా. ఆడమని కాదు. నా బుర్ర ఎట్ల మోసపోయిందో ఇందులో తేటగా కనపడతాది.

పేకలో నాలుగు ఆసులు. ఒకటి నా చేతిలో, ఒకటి బల్ల మీద. మిగిలింది రెండు. వాడి దగ్గర ఆసు-రాణి ఉండేదానికి 2 ఆసులు ఇంటూ 4 రాణులు, అంటే 8 రకాలుగా వీలుంది. ఆసు-జాకీ 8, ఆసు-పది 8. మొత్తం 24. ఇవన్నీ నేను గెలిచేవి. నన్ను గెలిచేవి చూడండి: తొమ్మిదుల జత 3 రకాలు, నాలుగుల జత 3 రకాలు, ఆసు-తొమ్మిది 6, ఆసు-నాలుగు 6. మొత్తం 18. ఇంకా ఒకటి రెండు ఉన్నాయి గానీ ఇవి చాలు. 24 పెద్దదా, 18 పెద్దదా? 24. కాబట్టి నేను పిలిచింది సరైనదే అనిపిస్తాది గదా?

తప్పు అక్కడే జరుగుతాది. వాడి దగ్గర ఏయే ముక్కలు ఉండొచ్చు అనేది సగం లెక్క. వాటిలో ఏ ముక్కలతో *వాడు* ఈ పని చేస్తాడు అనేది మిగతా సగం. ఆసు-పదితో ఆ తమ్ముడు ఏం చేస్తాడు? మెల్లగా 500 కలిపి చూపించమంటాడు. రెండు గంటలుగా చేసింది అదే. ఉన్నదంతా తొయ్యడు. అంటే తోసిన క్షణంలోనే నా 24 దాదాపు సున్నా అయిపోయినాయి. 18 అట్లనే ఉన్నాయి. వాడు డబ్బు తోసి ఎంత గట్టిగా చెప్పాలో అంత గట్టిగా చెప్పినాడు. నాకు వినపడలేదు. అక్కడ పడేసి ఉంటే 1,400 నా దగ్గరే ఉండేవి.

చేతకాని ఆటగాళ్ళు ఎదుటివాడి చెయ్యి చదవడంలో చేసే తప్పులు అన్నీ నేను ఆ ఒక్క చేతిలో చేసినా.

మొదటిది, అందరూ నాలాగే ఆడతారనుకోవడం. ఏమీ లేకపోయినా డబ్బు తోసి బెదిరించే అలవాటు నాది. కాబట్టి వాడు తోసినా బెదిరింపే అనుకున్నా. దొంగాట వాడిది కాదు, నాది. నా గుణం వాడి మొహం మీద చూసుకున్నా.

రెండోది, ఒకే ఒక్క చెయ్యి ఊహించుకుని దానికే అతుక్కోవడం. వాడు మొదటిసారి డబ్బు కలిపినప్పుడే "వీడి దగ్గర చిన్న ఆసు ఉంది" అని తీర్మానం చేసుకున్నా. నాలుగో ముక్క వచ్చింది, ఐదోది వచ్చింది, వాడు మొత్తం తోసినాడు. కొత్త సంగతి వచ్చిన ప్రతిసారీ అంచనా మార్చుకోవాల. నేను మాత్రం పాత అంచనాకు సరిపోయేటట్టు కొత్త సంగతిని వంచుకున్నా.

మూడోది, మొన్నటి దెబ్బ. అంతకు ముందు వారం ఇంకొకడు ఉత్త ముక్కలతో బెదిరించి నా డబ్బు తీసుకున్నాడు, పైగా ముక్కలు చూపించి నవ్వినాడు. అప్పటినుంచి ప్రతి పందెమూ బెదిరింపులాగే కనిపించింది. ఒకడు చేసిన దానికి ఇంకొకడి మీద కసి తీర్చుకోబోయినా. పడేసిన ముక్కలు మనకు ఎప్పటికీ కనపడవు. ఎన్నిసార్లు పడేసి డబ్బు కాపాడుకున్నామో గుర్తుండదు. మోసపోయిన ఒక్కసారి మాత్రం నెల రోజులు గుర్తుంటాది.

నాలుగోది, మొహం, చేతులు చూసి చెప్పేస్తాననుకోవడం. అమెరికాలో మైక్ కారో అనే ఆయన ఆటగాళ్ళ హావభావాల మీద ఒక పుస్తకమే రాసినాడు. పందెం పెట్టేటప్పుడు ఉన్నట్టుండి చెయ్యి వణికితే అది చాలాసార్లు భయం కాదట, మంచి ముక్కలు పడిన ఉద్వేగమట. నేను వణుకు చూసిన మాట నిజమే, దాన్ని చదివింది మాత్రం తలకిందులుగా. వాడి స్థానంలో ఉండి ఆలోచించినా తెలిసేది. మూడు నాలుగులు పడి, జీవితంలో మొదటిసారి 1,900 తోసే పిల్లోడికి చెయ్యి వణకదా?

మన తండాల్లో ఆడే మూడు ముక్కలాటలో గూడా ఇదే కథ. 52 ముక్కల్లోంచి మూడు ముక్కలు తీస్తే 22,100 రకాలు. అందులో 16,440 ఉత్త ముక్కలే, జత గూడా లేనివి. అంటే నూటికి 74. జత పడేది నూటికి 17 సార్లు. మూడూ ఒకటే పడేది మొత్తంలో 52 రకాలే. అందుకే జత పడితే మనకు రాజ్యం వచ్చినట్టు ఉంటాది. ఎదురుగా ఒక్కడే ఉంటే నిజంగానే బాగుంటాది. ఎదురుగా ఐదుగురు ఉంటే? ఐదుగురికీ ఉత్త ముక్కలే పడే అవకాశం నూటికి దాదాపు 23. మిగిలిన 77 సార్లు ఎవడో ఒకడి దగ్గర జతో, అంతకంటే పెద్దదో ఉంటాది. మనం మన ముక్కలు చూసుకున్నంత సేపు ఎదురుగా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టం.

ఇంక ఐదో తప్పు. ఇన్నేళ్ళు నేను ఎవరికీ చెప్పనిది ఇదే. నేను వాడి ఆట చూడలేదు, వాడి తెగను చూసినా.

రెండు గంటలు నా ఎదురుగా కూర్చుని ఒక మనిషి ఎట్ల ఆడతాడో చూపించినాడు. నమ్మకం లేనప్పుడు పడేసినాడు, అనుమానం ఉన్నప్పుడు కలిపినాడు, ఒక్కసారి గూడా బెదిరించలేదు. అంత చూసీ, చివరి క్షణంలో నేను తీసింది చిన్నప్పుడు ఎవరో నా చెవిలో పోసిన మాట. ఎరుకలోళ్ళు ఇట్లాంటోళ్ళు, అట్లాంటోళ్ళు అని.

ఈ మాట అనేదానికి నాకు అసలు నోరెట్లా వచ్చింది? బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. 1911లో దాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకి గూడా వర్తింపజేసినారు. ఎరుకలోళ్ళను అందులో చేర్చినారు, లంబాడోళ్ళను గూడా చాలాచోట్ల చేర్చినారు. పుట్టిన పిల్లోడు ఏం చేసినాడో చూడకుండానే దొంగ అని రాసుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అట్ల పుట్టిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం పోయింది. కాగితం మీద పోయింది. ఆళ్ళగడ్డలో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసెల్లో వెతుకుతారో, మన పిల్లోడు పెద్ద అంగట్లోకి పోతే వెనకాల ఎవడు నడుస్తాడో మనందరికీ తెలుసు. నా మీద ఆ చూపు పడినప్పుడు నాకు మండేది. అదే చూపు నా కంట్లో గూడా ఉందని 3,200 పోయిన తర్వాత తెలిసింది.

మూడేళ్ళ తర్వాత ఆళ్ళగడ్డ బస్టాండ్‌లో వాడు కలిసినాడు. ఇద్దరం నంద్యాలకు ఒకే బస్సు ఎక్కినాం. శిరివెళ్ళ దాటినాక ధైర్యం చేసి చెప్పినా. "ఆ రోజు నువ్వు అడిగినావు గదా, ఎందుకు పిలిచినావని. ఎరుకల పిల్లోడివి, నీకేం తెలుసులే అనుకున్నా రా. అందుకే పిలిచినా."

వాడు కాసేపు కిటికీలోంచి చూసినాడు. కోపం వచ్చిందేమో అనుకున్నా. తర్వాత అన్నాడు: "నేను గూడా అట్లనే అనుకున్నా అన్నా. లంబాడోళ్ళు మొండోళ్ళు, ఒకసారి డబ్బు పెడితే వెనక్కి పోరు, ఎంత తోసినా పిలుస్తారు అని. లేకపోతే అంత తోసేవాణ్ణి కాదు."

ఇద్దరం నవ్వినాం. కానీ ఆ నవ్వు తర్వాత నన్ను చాలా దూరం ఆలోచింపజేసింది. వాడూ నా తెగనే చదివినాడు. వాడికి కలిసొచ్చింది, నాకు రాలేదు. అంతే తేడా. తప్పు దారిలో పోయి ఒకసారి డబ్బు దొరికితే ఆ దారే సరైనదని నమ్ముతాం. పోగొట్టుకున్నోడు ఎప్పుడో ఒకప్పుడు కూర్చుని లెక్క చూసుకుంటాడు. గెలిచినోడు చూసుకోడు. ఈ మాట వాడితో అంటే, "నిజమే అన్నా, ఆ తర్వాత నేను గూడా ఫోన్‌లో ఆడి పోగొట్టుకున్నా" అన్నాడు. ఎంత అని నేను అడగలేదు.

ఫోన్ ఆట గురించి గూడా చెప్పాల, ఎందుకంటే ఇప్పుడు మన పిల్లోళ్ళు పోగొట్టుకునేది అక్కడే. రూములో అయితే ఎదుటివాడు రెండు గంటలు కనపడతాడు. ఫోన్‌లో ఎదుటివాడు ఒక బొమ్మ, ఒక దొంగ పేరు. వాడు ఒకేసారి నాలుగైదు బల్లల మీద ఆడే ఆరితేరినోడు కావచ్చు, నీ గురించి కంప్యూటర్‌లో లెక్కలు రాసుకునేవాడు కావచ్చు. నీకు వాడి గురించి ఏమీ తెలీదు. పైగా ఎవరు గెలిచినా ఆడించేవాడు మధ్యలో తన వాటా తీసుకుంటాడు. బాగా చదవగలిగినోడు గూడా ఆ వాటా కట్టాల్సిందే.

చట్టం సంగతి. "రమ్మీ నైపుణ్యం ఆట, సుప్రీంకోర్టే చెప్పింది" అని చాలామంది వాదిస్తారు. నిజమే, 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే చెప్పింది. కానీ అదే తీర్పులో మూడు ముక్కలాట లాంటి పూర్తి అదృష్టం ఆట వేరని గూడా చెప్పింది. తెలంగాణలో 2017లో, మన రాష్ట్రంలో 2020 సెప్టెంబర్‌లో ఆన్‌లైన్ డబ్బులాటలు నిషేధించినారు. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అయినా లింకులు వస్తానే ఉన్నాయి. నైపుణ్యం ఆటే అనుకుందాం. ఆ నైపుణ్యం నీకుందా, ఎదుటివాడికుందా? చేతకానోడికి తాను చేతకానోణ్ణని తెలీకపోవడమే ఈ ఆటకు పెట్టుబడి. నాకు తెలిసుంటే ఆ రోజు కూర్చునేవాణ్ణి కాదు.

చివరగా ఆ 4,600 ఏమైందో చెప్పాల. యాడికి ఫీజు కట్టేసినానని అబద్ధం చెప్పినా. నంద్యాల చుట్టుపక్కల పత్తి విత్తనాల చేన్లలో అప్పుడు క్రాసింగ్ పని నడుస్తా ఉండింది. పొద్దున్నే పోయి పూలకు పూలు రుద్దే పని. కాలేజీ ఎగ్గొట్టి రోజు కూలికి పోయినా. ఫైన్‌తో సహా ఫీజు కట్టినా. మెస్ బాకీ సంక్రాంతి దాకా సాగింది.

దీపావళికి ఇంటికి పోతే అన్నం పెట్టేటప్పుడు యాడి నా చెయ్యి పట్టుకుని చూసింది. గోళ్ళ సందుల్లో పసుపు మరక, వేళ్ళ కొసలు పగిలి ఉన్నాయి. ఆమె ఆ పని పదేళ్ళు చేసింది. "మీ కాలేజీలో పత్తి చేను గూడా ఉందా నాయనా?" అని అడిగింది. ఇంకేమీ అడగలేదు. నేను అన్నం కలుపుకుంటా అట్లనే కూర్చున్నా.

పోయిన వారం పోస్ట్ పెట్టిన తమ్ముడికి: ఎంత పోయిందో ముందు ఇంట్లో చెప్పు. వాళ్ళకు సగం తెలిసే ఉంటాది. పోయింది తిరిగి తెచ్చుకోవాలని మాత్రం మళ్ళీ కూర్చోవద్దు, నా చివరి 1,400 అట్లనే పోయినాయి. మనసు బాగాలేకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు. లేదంటే నాకు మెసేజ్ పెట్టు. నంద్యాలలో ఉంటే టీ తాగుదాం.

నవ్విన వాళ్ళకు నేను చెప్పేదేం లేదు. కామెంట్లలో ఒకరు "ఆ తెగోళ్ళు అంతే" అని రాసినారు. అది మాత్రం తీసెయ్యండి.